చక్రాల గది

మా అత్తగారు ప్రయాణం రోజున నీళ్ళు తాగరు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన తొలి సంవత్సరమే ఈ సంగతి గమనించాను గాని, కారణం అడగాలని చాలా కాలం వరకు నాకు తోచలేదు. కడుపులో తిప్పుతుందని తాగరేమో అనుకున్నాను. పెద్దమ్మాయి కడుపులో ఉండగా ఆమెతో కలిసి బీదరుకు వెళ్ళిన రోజున అసలు కారణం నాకూ తెలిసివచ్చింది. బాన్సువాడ నుండి బీదరుకు సుమారు వంద కిలోమీటర్లు. పిట్లం దగ్గర పెద్ద రహదారి ఎక్కి, నిజాంపేట వద్ద దిగి, నారాయణఖేడ్ మీదుగా వెళ్ళాలి. దారి పొడవునా టీ హోటళ్ళున్నాయి, పెట్రోలు బంకులున్నాయి. బురఖా వేసుకున్న ఒక స్త్రీ గౌరవంగా లోపలికి వెళ్ళి, గడియ పెట్టుకుని, తన శుద్ధి పోగొట్టుకోకుండా బయటికి రాగల చోటు మాత్రం ఆనాడు మాకు ఒక్కటీ దొరకలేదు. "ఇందుకే బేటీ, నేను ముందు రాత్రి నుండే నీళ్ళు మానేస్తాను" అన్నారామె, అదేదో ప్రయాణపు నియమాల్లో ఒకటైనట్లు.

పాఠకులలోని స్త్రీలకు ఇది కొత్త సంగతి కాదు. పురుషులకు కావచ్చు.

ఆమెకిప్పుడు డెబ్భై దాటాయి. మోకాళ్ళు వంగవు, చక్కెర వ్యాధి ఉంది. మూడేళ్ళ కిందట మే నెలలో బీదరుకు వెళ్ళి వచ్చిన మర్నాడు చలిజ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. ఆ తర్వాత ఆమె ప్రయాణాలు మానుకున్నారు. మా ఆడబిడ్డ రెండో కాన్పుకు తల్లి వెళ్ళలేదు. పసిబిడ్డ చెవిలో అజాన్ చెప్పిన సమయాన ఫోనులో విని, కళ్ళు తుడుచుకున్నారు. ఎవరినీ ఏమీ అనలేదు.

మా వారు 2020 నుండి ఇంటి నుండే పనిచేస్తున్నారు. కంపెనీ ఒక దేశంలో, దాని ఖాతాదారులు మరో దేశంలో, పని మాత్రం మా ఇంటి మేడ మీది గదిలో. అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిది గంటలంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర. అప్పుడు మొదలైన పని తెల్లవారుజామున మూడున్నరకు ముగుస్తుంది. పని ఎక్కడి నుండి చేసినా ఒకటే అన్న మాట ఆయన మనసులో మెల్లగా వేరే రూపం తీసుకుంది. కారు వెనుక తగిలించుకుని వెళ్ళే చక్రాల ఇల్లు, అదే ట్రావెల్ ట్రైలర్, ఒకటి కొంటే నెలలో పది రోజులు బీదరులోనో నాందేడులోనో ఉండవచ్చు, సెలవుల్లో పిల్లలను చెరువు గట్టున విడిది చేయించవచ్చు, అమ్మను తీసుకువెళ్ళవచ్చు. ఒక రాత్రి ఆ బొమ్మలన్నీ తల్లికి చూపించారు. పడకలు, పొయ్యి, మడత బల్ల, కిటికీలకు తెరలు. ఆమె అన్నీ చూసి, "కమోడ్ ఉందా?" అని అడిగారు. ఉందన్నారు. "అయితే కొను" అన్నారు. మా ఇంట్లో ఇంత పెద్ద విషయం ఇంత తొందరగా తేలడం అదే మొదలు. తేలలేదని తర్వాత తెలిసింది.

కారవాన్ అన్న మాట ఇంగ్లీషు వాళ్ళది కాదు. పారశీకంలోని కార్వానే ఐరోపా చుట్టి మనకు తిరిగి వచ్చింది. హైదరాబాదులో గోల్కొండకు పోయే దారిన కార్వాన్ అనే బస్తీ నేటికీ ఉంది. బిడారులు ఆగిన చోటు, వజ్రాల బేరాలు జరిగిన చోటు అది. దివ్య ఖుర్ఆన్‌లోని ఖురైష్ సూరా చలికాలపు, వేసవికాలపు ప్రయాణాలను ప్రస్తావిస్తుంది. అవి మక్కా వర్తకుల బిడారు ప్రయాణాలే. ఇక చక్రాల గదిలో కూర్చుని పని చేసుకోవడం ఈ కాలపు వింత అనుకునేవారికి ఇబ్నె బతూతా సంగతి చెప్పాలి. 1325లో ఇరవై ఒకటో యేట టాంజియర్ నుండి హజ్జ్‌కని బయలుదేరిన ఆ మనిషి, నల్ల సముద్రానికి ఉత్తరాన కిప్చాక్ తురుష్కుల మైదానాల్లో నాలుగు చక్రాల బండ్లను చూశాడు. బండి మీద సన్నని కర్రలతో గుడారం కట్టి, పైన ఉన్ని కంబళి కప్పుతారట. జాలీ ఉన్న కిటికీలలోంచి లోపలివారికి బయటి లోకం కనిపిస్తుంది, బయటివారికి లోపలివారు కనిపించరు. బండి నడుస్తుండగానే లోపల తినవచ్చు, నిద్రపోవచ్చు, చదువుకోవచ్చు, రాసుకోవచ్చు అని ఆయన తన యాత్రా వివరాల్లో చెప్పుకున్నాడు. ఇది విని మా అత్తగారు సంతోషించారు. "చూశావా, పర్దా కూడా ఉంది" అన్నారు.

అయితే ఇక్కడే మొదటి చిక్కు. ఇబ్నె బతూతా బండికీ మన ట్రైలరుకూ ఉన్న తేడా అందులోనే ఉంది. కారు వెనుక తగిలించిన ట్రైలరులో, అది కదులుతున్నప్పుడు, మనుషులు ఉండకూడదు. గుంతలో పడినా, కొక్కెం ఊడినా లోపలివారిని కాపాడేది ఏదీ లేదు. ఇంజను తనలోనే ఉన్న కారవాన్ బండిలో అయితే బెల్టు పెట్టుకుని కూర్చోవచ్చు. దాని వెల మాత్రం మా ఇంటి వెలతో పోటీ పడుతుంది. పాత టెంపో ట్రావెలర్ కొని, లోపల మార్పులు చేయించుకుంటే చవకని కొందరు సలహా ఇచ్చారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న రూపాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడానికి ఒప్పుకోదు. ఊళ్ళో వెల్డింగు షాపులో ట్రైలర్ చేయించుకుందామంటే, ట్రైలర్ కూడా చట్టం దృష్టిలో వాహనమే. దానికీ ఆమోదం, రిజిస్ట్రేషను, నంబరు ఉండాలి. దారి మీద అబద్ధంతో నడిచే బండిలో పిల్లల్ని తీసుకెళ్ళడం మాకు ఇష్టం లేదు.

అంటే అత్తగారు జీపులోనే కూర్చోవాలి. ఆగిన చోట దిగి, ట్రైలరు మెట్లెక్కాలి. దారిలో పడుకోవచ్చన్న ఆశ అక్కడితో పోయింది. కమోడ్ ఆశ మిగిలింది.

అల్లాహ్ దయవల్ల కొనకముందే పరీక్షించే అవకాశం దొరికింది. మా వారితో పనిచేసే మిత్రులొకరు బెంగళూరులో ట్రైలర్ కొన్నారు. భార్యాపిల్లలతో నాందేడు వైపు వెళుతూ, ఫిబ్రవరి నెలలో మా ఊళ్ళో ఆగారు. తాము మూడు రోజులు బంధువుల పెళ్ళిలో ఉంటామని, అంతవరకు వాడుకోమని బండిని మాకే వదిలి వెళ్ళారు. నిజాంసాగర్ వెనుకజలాల పక్కన మా బంధువుల పొలం ఉంది. అక్కడికి తీసుకువెళ్ళాం.

నిజాంసాగర్ గురించి ఒక మాట. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ జలాశయం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు నిర్మాణం. దానిని రూపొందించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. మా బాన్సువాడలో వరి పచ్చగా ఉందంటే ఆ కాలువల పుణ్యమే. జిల్లా పేరు 2016లో నిజామాబాదు నుండి కామారెడ్డికి మారింది గాని నీళ్ళ దారి మారలేదు.

బండిని తగిలించేటప్పుడే మా ఎదురింటి ట్రాక్టరు పెద్దాయన వచ్చి నిలబడ్డారు. నలభై యేళ్ళుగా వడ్ల ట్రాలీ లాగుతున్న మనిషి. ట్రైలరు చుట్టూ ఒకసారి తిరిగి, వెనుక భాగం చేత్తో తట్టి, "సామాన్లన్నీ ఎనుక పెట్టిన్రు. గిట్ల పోతె తోక ఊపుతది తమ్మీ. బరువు కొంచెం ముంగట పడాలె" అన్నారు. మా వారు ఆ మధ్య ఇంగ్లీషులో చదివినదీ అదే. మొత్తం బరువులో నూటికి పది నుండి పదిహేను పాళ్ళు కొక్కెం మీద పడాలి, లేకుంటే వేగం అందుకోగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది, కారును కూడా లాగేస్తుంది. పది రోజులు చదివింది పెద్దాయన ఒక తట్టుతో చెప్పారు. వెనక్కి తీసేటప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకు పోతుందన్నదీ ఆయనే నేర్పారు. మా వారికి అరగంటలో చెమటలు పట్టాయి. ట్రైలర్ కొనాలనుకునే వారెవరైనా ముందుగా వడ్ల ట్రాలీ డ్రైవరును అడగాలని నా గట్టి అభిప్రాయం.

పొలంలో తొలి సమస్య దిక్కు. మా ప్రాంతం నుండి ఖిబ్లా పడమరకు దాదాపు 11 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. ట్రైలరును చెట్టు నీడను బట్టి ఉత్తర దక్షిణాలుగా నిలిపాం. అత్తగారు లోపలికి వెళ్ళి, వెంటనే బయటికి వచ్చి, "ఇది సరిగ్గా ఖిబ్లా వైపే ఉంది" అన్నారు. కమోడ్ అడ్డంగా అమర్చి ఉంది. ఖిబ్లాకు ముఖం గాని వీపు గాని పెట్టి కాలకృత్యాలు తీర్చుకోరాదన్న నియమం ఇళ్ళు కట్టేటప్పుడు మేస్త్రీకి చెబుతాం. చక్రాల ఇంటికి ఎవరు చెబుతారు? బెంగళూరులో అమర్చిన కమోడు ఏ ఊళ్ళో ఏ దిక్కు చూస్తుందో దానికే తెలియదు. మా జామా మసీదు ఇమాము సాహెబుకు ఫోను చేస్తే నవ్వి, "బండిని తిప్పి నిలపడం మీ చేతిలో ఉన్న పనే కదమ్మా, తిప్పి నిలపండి" అన్నారు. తిప్పి నిలిపాం. నీడ పోయింది. మధ్యాహ్నానికి రేకు గోడలు కాలాయి. ఫిబ్రవరిలోనే ఇంత ఉంటే మే నెల సంగతేమిటని ఎవరూ నోరు తెరిచి అనలేదు.

నీళ్ళ లెక్క నాకు అప్పగించారు. ట్యాంకులో 90 లీటర్లు. ఇంట్లో నమాజు చేసేవారం నలుగురం: అత్తగారు, మా వారు, నేను, పెద్దమ్మాయి. కుళాయి తిప్పి వుజూ చేస్తే ఒక్కొక్కరికి మూడు నాలుగు లీటర్లు పోతాయి. నలుగురికి, ఐదు పూటలకు, డెబ్భై లీటర్లు వుజూకే చెల్లు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నీటితో గుస్ల్ చేసేవారని హదీసు గ్రంథాలలో ఉంది. ముద్ అంటే సుమారుగా మన ముప్పావు లీటరు. సా అంటే నాలుగు ముద్‌లు. ఈ హదీసు చిన్నప్పటి నుండి విన్నాను. పారే కాలువ దగ్గర పుట్టి పెరిగినదాన్ని కాబట్టి విని వదిలేశాను. ట్రైలరులో కుళాయి మూసి, లోటా చేతికి ఇచ్చి, లీటరు నీళ్ళతో నలుగురి చేతా వుజూ చేయించాను. రోజుకు 20 లీటర్లతో సరిపోయింది. పెద్దమ్మాయి రెండో రోజు లీటరులో కొంత మిగిల్చి చూపించింది. మా వారు మాత్రం కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మరో లోటా అడిగేవారు.

ఆ లెక్క కుదిరింది. కుదరని లెక్క వేరే ఉంది. ట్రైలరులోని మరుగుదొడ్డి కింద తీసి పారబోసుకునే పెట్టె ఉంటుంది. అందులో ఇరవై లీటర్లలోపే పడుతుంది. వాటిని తయారుచేసిన దేశాల్లో కాగితం వాడతారు, ఒక కుటుంబానికి రెండు రోజులు వస్తుంది. మనం నీళ్ళు వాడతాం. ఆరుగురం మనుషులం. మర్నాడు ఉదయానికే నిండినట్లు ఎర్రదీపం వెలిగింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పోయాలి? కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించి, బండ్లు ఆగే పార్కులను ప్రోత్సహించింది. అలాంటి చోట నీళ్ళు నింపుకోవచ్చు, మురికి దింపుకోవచ్చు. మా దారిలో అటువంటిది మాకు దొరకలేదు. పొలం పక్కనే కాలువ. పొలం కాపలా కుర్రవాడు అందులో పోయమన్నాడు. జనం నడిచే దారిలో, జనం కూర్చునే నీడలో, నీటి రేవుల్లో మలవిసర్జన చేయరాదని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆ కాలువ నీళ్ళు మా ఊరి వరి మడుల్లోకే వస్తాయి. మా వారు ఆ పెట్టెను జీపులో పెట్టుకుని ఇంటికి తీసుకువెళ్ళి మా సెప్టిక్ ట్యాంకులో పోసి, కడిగి తెచ్చారు. మూడు రోజుల్లో మూడుసార్లు. విహారయాత్రకు వచ్చిన ఇంజనీరు మరుగుదొడ్డి పెట్టెతో ఊరికి ప్రదక్షిణలు చేస్తున్నాడని ఎదురింటి పెద్దాయన ఇప్పటికీ నవ్వుతారు.

ఇక ఆయన పని. లాప్‌టాప్ గంటకు సుమారు 60 వాట్ల చొప్పున ఎనిమిది గంటలకు 480. చిన్న ఫ్యాను రాత్రంతా తిరిగితే 300. ఇంటర్నెట్ పెట్టె, దీపాలు కలిపి తొమ్మిది వందలు పైనే. ట్రైలరులో ఉన్న 12 వోల్టుల 100 ఆంపియర్ల బ్యాటరీలో కాగితం మీద 1200 ఉంటుంది. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, అంటే చేతికి వచ్చేది 600. రాత్రి ఒంటిగంటకు ఫ్యాను ఆగిపోయింది. లిథియం బ్యాటరీలు, పైన సౌరఫలకాలు ఉంటే ఇది దాటవచ్చు, డబ్బుతో పరిష్కారమయ్యే చిక్కే. ఏసీ సంగతి మాత్రం వేరు. అది గంటకు వెయ్యి వాట్ల దాకా తాగుతుంది. దానికి గోడలోని కరెంటే కావాలి.

డబ్బుతో పరిష్కారం కానిది ఒకటుంది. అది ఒకే గది. ఆయన పని మొదలయ్యేది పిల్లలకు అన్నం పెట్టే వేళకు. ముగిసేది తహజ్జుద్ వేళకు. ఆ మధ్యలో ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉంటారు. పన్నెండేళ్ళ పిల్ల, ఎనిమిదేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలు, ముసలి తల్లి, నేను, అందరం ఆయన వీపు వెనుక చేయి చాచితే తగిలే దూరంలో. ఆయన తెరపై కెమెరా తెరిచినప్పుడల్లా నేను పక్కకు ఒదగాలి. ఒకసారి నేను జుట్టు విప్పుకుని ఉన్నాను, ఎక్కడో ఉన్న పదిమంది పరాయి పురుషులు తెర మీద కూర్చుని ఉన్నారు. ఒక్క క్షణమే గాని ఒళ్ళు జలదరించింది. ఇంట్లో మేడ మీది గదికి తలుపు ఉంది. ఆ తలుపు విలువ ఇన్నేళ్ళూ నాకు తెలియలేదు. రెండో రాత్రి ఆయన జీపులో కూర్చుని పని చేశారు. అంటే ట్రైలర్ కొన్నది పనిచేసుకోవడానికైతే, పని జరిగింది జీపులో.

ఇన్ని చెప్పి ఒక సుఖం చెప్పకపోవడం న్యాయం కాదు. మగ్రిబ్ వేళ ట్రైలరు పక్కన చాప పరిచి, షామియానా కొట్టు నుండి అద్దెకు తెచ్చిన కనాతు చుట్టూ కట్టుకుని, అందరం కలిసి జమాఅత్‌గా నమాజు చేశాం. ముప్ఫై కిలోమీటర్ల దూరమే కాబట్టి మేము ధర్మశాస్త్ర దృష్టిలో ముసాఫిర్లం కాము, ఖస్ర్ లేదు, నాలుగు రకాతులకు నాలుగూ చేయాలి. మా హనఫీ ఉలమా చెప్పే లెక్కలో అది 77 కిలోమీటర్లు దాటాలి. నీటి మీద కొంగలు లేస్తున్నాయి. నాలుగేళ్ళవాడు సజ్దాలో ఉండి నీళ్ళకేసి చూస్తున్నాడు. అత్తగారు కుర్చీలో కూర్చుని చేస్తున్నారు. సలాం చెప్పిన తర్వాత చాలాసేపు ఆమె దుఆ ముగించలేదు.

చివరి రోజు ట్రైలరు అమ్మే వారు ఫోను చేశారు. మా వారు ముందే వివరాలు అడిగి ఉన్నారు. వెల ఆయన ఏడాది జీతం కంటే ఎక్కువ. "ఏం ఫరవాలేదు సార్, లోను మేమే ఇప్పిస్తాం, ఐదేళ్ళ వాయిదాలు" అన్నారు అవతలివారు. మా వారు రెండు రోజులు మౌనంగా ఉన్నారు. ఆయన అడగకుండానే నేను నా మెహర్ గాజులు ఇస్తానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. జిద్దాలో ఉన్న మా బావగారు ఖర్జె హసనాగా కొంత పంపుతానన్నారు. ఆయనకు పెళ్ళికి ఎదిగిన కూతుళ్ళు ఇద్దరున్నారు. అత్తగారు అందరి మాటలూ విన్నారు. తర్వాత కొడుకును పిలిచి, "మీ అబ్బా ఈ ఇల్లు పదకొండేళ్ళు కట్టారు. గోడలు లేచి, కప్పు లేక, రెండు వానాకాలాలు మనం టార్పాలిన్ కింద ఉన్నాం. వడ్డీ అప్పు తీసుకోలేదు. ఇప్పుడు నా కమోడు కోసం తీసుకుంటావా?" అన్నారు. ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు అమ్మేవారికి ఫోను చేసి వద్దన్నారు. తరువాతి నెలలో కంపెనీ నుండి, వారానికి కొన్ని రోజులు హైదరాబాదు ఆఫీసుకు రావలసి ఉంటుందని ఉత్తరం వచ్చింది. అది ఎప్పటి నుండో ఇంకా తేలలేదు.

ట్రైలర్ వద్దని మేము తీర్మానించలేదు. మాకు సరిపోయేది ఎలా ఉండాలో ఇప్పుడు మాకు తెలుసు. ఒకే ఇరుసు, తక్కువ బరువు. నీళ్ళ ట్యాంకు ఇరుసు మీదనే. మెట్టు నేలకు దగ్గరగా, పక్కన గట్టి పట్టుకొమ్మి. మరుగుదొడ్డి తలుపుకు ఆనుకుని, లోపల నడవవలసిన పని లేకుండా. రాసుకునే బల్లకూ పడకలకూ మధ్య మూసుకునే తలుపు. ఏసీ లేని చోట మార్చి నుండి జూన్ దాకా దాని జోలికే పోకూడదు. అలాంటిది పాతదైనా దొరికితే, చేతిలో పైకం ఉంటే, ఇన్షా అల్లాహ్ కొంటాం. దానికని ఇనుప పెట్టెలో వేరుగా ఒక సంచి పెట్టాం. అందులోకి నా ట్యూషన్ల డబ్బు వెళుతోంది.

ఈలోపల చేయవలసిన పని ఒకటి మిగిలింది. మాకు కావలసింది గది కాదు, గదిలోని ఒక మూల. రోగులకు వాడే మడత కమోడు కుర్చీ మందుల దుకాణంలోనే దొరికింది. షామియానాలు కుట్టే దర్జీకి కొలతలు ఇచ్చి, మనిషి ఎత్తుకు పైన, లోపల కుర్చీ పట్టి ఇద్దరు నిలబడేంత వెడల్పున ఒక చిన్న కనాతు కుట్టించాను. నాలుగు ఇనుప గొట్టాలు, పైన కప్పు, గాలికి చిన్న జాలీ, లోపల నుండి ముడి వేసుకునే తలుపు. గుడ్డ మందంగా ఉండాలని, ఎండ వెనుక నుండి పడినా నీడ కూడా కనపడకూడదని దర్జీకి మూడుసార్లు చెప్పాను. ఎందుకని అతను అడగలేదు. కుర్చీ కింది బకెట్టుకు మూత ఉంది. మా ఊళ్ళో రైసు మిల్లులకు కొదవ లేదు, ఊక ఉచితంగా ఇచ్చారు. వాడిన ప్రతిసారి పైన రెండు గుప్పిళ్ళ ఊక చల్లితే వాసన రాదు, తొణకదు, తీసుకువెళ్ళి బీదరులో మా ఆడబిడ్డ ఇంట్లో శుభ్రం చేసుకోవచ్చు. నీళ్ళకు ఐదు లీటర్ల డబ్బా, లోటా. మొత్తం ఖర్చు ట్రైలరు చక్రాల ఖరీదు కూడా కాలేదు.

ముందు రోజు అసర్ తర్వాత పెరట్లో దాన్ని నిలబెట్టి చూపించాం. అత్తగారు లోపలికి వెళ్ళారు, ముడి వేసుకున్నారు. కొంతసేపటికి లోపల నుండే, "ఎవరైనా నన్ను చూడగలరేమో నాలుగు వైపులా తిరిగి చూడండి" అన్నారు. పిల్లలు తిరిగారు. పెద్దమ్మాయి నేల మీద పడుకుని కూడా చూసి, "దాదీ, చెప్పులు కనిపిస్తున్నాయి" అంది. ఆ రాత్రి అంచుకు జానెడు గుడ్డ అతికి కుట్టాను.

ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలన్న హదీసును పిల్లలు మదర్సాలో నేర్చుకున్నారు. జీపు దగ్గర నిలబడి ఏకగ్రీవంగా దాదీని ఎన్నుకున్నారు. మా వారు ఒప్పుకున్నారు. ఆగమన్న చోట ఆగడం, కనాతు నిలబెట్టి దూరంగా వెళ్ళి నిలబడడం తన పని అన్నారు. నేను ప్రయాణపు దుఆ పిల్లలతో చెప్పించాను. కమోడు కుర్చీ, గొట్టాలు, ఊక సంచి జీపు పైన తాడుతో కట్టి ఉన్నాయి.

అత్తగారు బురఖా వేసుకుని, ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఆగారు. పెద్దమ్మాయిని నీళ్ళు తెమ్మన్నారు. గ్లాసు నీళ్ళు బిస్మిల్లాహ్ అని, కూర్చుని, మూడు గుక్కల్లో తాగారు. గ్లాసు తిరిగి ఇచ్చి, జీపు పైకి ఒకసారి చూసి, "ఇంకొక గ్లాసు తే" అన్నారు.